కొలతకు కొలమానం: విలియం లాంబ్టన్

మానవుని లౌకిక వ్యవహారంలో తూనికలకూ, కొలతలకూ విశిష్టమైన స్థానం ఉంది. ధాన్యాన్ని సోలతో, మానికతో, కుంచంతో కొలిచిన కాలం నుంచి నేటి వరకు, కొలిచేవాడు ధర్మాన్ని పాటించాలని సమాజం కోరుకుంటూనే ఉంది. కాని కొలిచేవాని బుద్ధి ఎంత నిర్మలమైనదైనా, అతని చేతిలోని మానిక సరైనది కాకపోతే ఫలితం తప్పుతుంది. మోసగాడు ఒకసారి కాకపోతే ఒకసారి పట్టుబడతాడు. తప్పు మానికతో కొలిచే సత్యసంధుడు మాత్రం తాను తప్పు చేస్తున్నానని కూడా ఎరుగడు. కాబట్టి వస్తువును కొలవడానికి ముందు కొలమానాన్నే కొలిచి చూసుకోవాలి. పాత పరికరం విషయంలో ఈ మాటను అందరూ ఒప్పుకుంటారు. పేరుపొందిన నిపుణుడు తయారుచేసి పంపిన సరికొత్త పరికరానికి కూడా పరీక్ష అవసరమా? ఈ ప్రశ్నకు తన జీవితమంతా వెచ్చించి సమాధానం చెప్పిన మహనీయుడు విలియం లాంబ్టన్. భారతదేశపు మహా త్రికోణమితీయ సర్వేక్షణకు ఆయన ఆద్యుడు.

లాంబ్టన్ 1753 ప్రాంతంలో ఇంగ్లాండులోని యార్క్‌షైర్ ఉత్తర భాగంలో, నార్తలర్టన్ పట్టణ సమీపాన ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. ధనం లేదు, గొప్పవారి అండ అంతకన్నా లేదు. చిన్ననాడే గణితం పట్ల ఆయనకు కలిగిన అభినివేశం మాత్రం చివరివరకు చెక్కుచెదరలేదు. 1781లో సైన్యంలో చేరి, 33వ పదాతి దళంలో చిన్న అధికారిగా అమెరికాకు వెళ్లాడు. అక్కడ స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న వలస రాజ్యాల చేతిలో బ్రిటిష్ సేన యార్క్‌టౌన్ వద్ద ఓడిపోయినప్పుడు బందీ అయ్యాడు. విడుదలైన తరువాత కెనడా ప్రాంతంలోని న్యూ బ్రన్స్‌విక్‌లో చిన్న ఉద్యోగంలో ఏళ్ల తరబడి ఉండిపోయాడు. తోటి అధికారులు పదోన్నతులు పొందుతూ పోతుంటే ఆయన గణిత గ్రంథాలతో, ఖగోళ పరిశీలనతో కాలం గడిపాడు. సూర్యగ్రహణాన్ని పరిశీలిస్తున్న సందర్భంలో తగిన నల్లటి అద్దం లేకపోవడం వల్ల ఆయన ఒక కంటి చూపు దెబ్బతిన్నది. తరువాతి కాలంలో భారతదేశపు కొండల మీద నిలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా కోణాలను కొలిచినవాడు ఈ విధంగా ఒంటికంటి చూపుతో ఆ పని చేశాడన్నది గమనించదగిన విషయం.

1796లో తన దళంతో పాటు లాంబ్టన్ భారతదేశానికి వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. 1799లో జరిగిన నాలుగవ మైసూరు యుద్ధంలో జనరల్ బెయిర్డ్ వెంట ఉన్నాడు. ఒకనాటి రాత్రి ఆ సేన చీకటిలో నడుస్తున్నది. ఆకాశంలోని నక్షత్రాల స్థితిని గమనించిన లాంబ్టన్, సేన తమ శిబిరం వైపు కాక శత్రువుల వైపు సాగుతున్నదని సేనానికి మనవి చేశాడు. దారి తనకు తెలుసునని సేనాని మొదట ఆ మాటను తోసిపుచ్చాడు. తరువాత దీపం వెలిగించి దిక్సూచితో సరిచూస్తే నక్షత్రాలు చెప్పిందే నిజమని తేలింది. మనిషి నమ్మకాన్ని దానికి సంబంధం లేని మరొక సాక్ష్యంతో సరిపోల్చాలన్న సూత్రం లాంబ్టన్ జీవితంలో ఈ విధంగా తొలిసారి రణరంగంలోనే వ్యక్తమైంది.

శ్రీరంగపట్నం పతనమైన తరువాత దక్షిణ భారతంలో విశాలమైన భూభాగం ఈస్టిండియా కంపెనీ వశమైంది. ఆ ప్రాంతానికి నమ్మదగిన పటం లేదు. ప్రయాణపు దూరాలను బట్టి, అంచనాలను బట్టి గీసిన పటాలే అప్పటికి ఆధారం. తెలుగువారికి కైఫియత్తుల ద్వారా చిరపరిచితుడైన కాలిన్ మెకంజీ ఆ సమయంలోనే మైసూరు రాజ్యపు సర్వేక్షణను చేపట్టాడు. లాంబ్టన్ ఆశయం అంతకంటే భిన్నమైనది. ఊళ్లను, ఏరులను పటంలో చూపడంతో ఆయన తృప్తి చెందలేదు. ద్వీపకల్పంలోని ముఖ్య స్థానాలను దోషరహితంగా నిర్ణయించాలనీ, ఆ పని ద్వారానే భూగోళపు వంపును కొలవాలనీ సంకల్పించాడు. భూమి ధ్రువాల వద్ద కొంత చదునుగా ఉందని శాస్త్రజ్ఞులకు అప్పటికే తెలుసు. ఆ చదును ఎంత అన్నది తేలాలంటే వేర్వేరు అక్షాంశాల వద్ద ఒక డిగ్రీ పొడవు ఎంతో కొలిచి చూడాలి. భూమధ్యరేఖకు చేరువలో ఉన్న దక్షిణ భారతం అందుకు అనువైన చోటు.

ఈ ప్రతిపాదనను ఆర్థర్ వెల్లస్లీ బలపరిచాడు. మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ ఆమోదించాడు. అయినా ఆక్షేపించినవారు లేకపోలేదు. శ్రీరంగపట్నం వెళ్లదలచినవాడు పల్లకీ బోయీలకు చెబితే చాలునని, వారే దారి కనుక్కొని తీసుకుపోతారని, అందుకోసం ఇంత ధనం వెచ్చించడమెందుకని ఒక ఆర్థికాధికారి పరిహసించాడని చెబుతారు. ప్రయాణానికి బోయీల జ్ఞానం చాలును. ఒక రాజ్యాన్ని కొలవడానికి మాత్రం అది చాలదు. ఈ భేదాన్ని గుర్తించినవాడు కనుకనే లాంబ్టన్ విమర్శలకు చలించలేదు.

త్రిభుజీకరణం అనే పద్ధతి సూత్రం సులభమైనదే. రెండు స్థానాల మధ్య దూరాన్ని నేల మీద జాగ్రత్తగా కొలవాలి. దీనిని ఆధార రేఖ అంటారు. ఆ రేఖ రెండు కొసల నుంచి దూరంగా కనిపించే ఒక కొండ శిఖరాన్ని చూసి కోణాలను కొలిస్తే, ఆ త్రిభుజపు మిగిలిన రెండు భుజాల పొడవు గణితం ద్వారా తెలుస్తుంది. ఆ భుజాలు తిరిగి కొత్త త్రిభుజాలకు ఆధారాలవుతాయి. ఈ విధంగా దేశమంతటా త్రిభుజాల అల్లిక సాగిపోతుంది. ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. మొదటి రేఖలో దొర్లిన దోషం ఆ రేఖతోనే ఆగిపోదు. విత్తనంలోని తెగులు చెట్టు కొమ్మకొమ్మకూ పాకినట్లు అది ప్రతి త్రిభుజానికీ సంక్రమిస్తుంది. కాబట్టి మొత్తం భారం ఆధార రేఖను కొలిచే సాధనం మీదనే పడుతుంది.

లాంబ్టన్‌కు లభించిన ఆ సాధనం నూరు అడుగుల ఉక్కు గొలుసు. దానిలో రెండున్నర అడుగుల పొడవు గల నలభై కడ్డీలు కీళ్లతో అమర్చి ఉన్నాయి. లండన్‌లో ఆనాడు అగ్రగణ్యుడైన పరికర నిర్మాత జెస్సీ రామ్స్‌డెన్ దానిని తయారుచేశాడు. ఆ గొలుసు చరిత్ర విచిత్రమైనది. బ్రిటన్ రాయబారి మెకార్ట్నీ 1793లో చైనా చక్రవర్తికి సమర్పించదలచిన కానుకలలో అది ఒకటి. చక్రవర్తి దానిని స్వీకరించలేదు. రాయబారి వెంట వెళ్లిన శాస్త్రజ్ఞుడు డిన్‌విడ్డీ ద్వారా అది కలకత్తాకు చేరి, అక్కడి నుంచి లాంబ్టన్ చేతికి వచ్చింది. చక్రవర్తి కోసం చేసిన వస్తువు, చేసినవాడు లోకప్రసిద్ధుడు. మరొకరైతే ఆ పేరును చూసి నిశ్చింతగా పని ప్రారంభించేవారు.

లాంబ్టన్ ఆ విధంగా చేయలేదు. ఆయన ఆలోచన ఈ విధంగా సాగింది. గొలుసు లండన్‌లో తయారైన రోజున నూరు అడుగులు ఉండి ఉండవచ్చు. కాని ఆ తరువాత అది సముద్రాలు దాటింది. ఓడల్లో, బండ్లలో కుదుపులకు లోనైంది. చల్లని దేశం నుంచి వేడి దేశానికి వచ్చింది. వేడికి ఉక్కు సాగుతుంది. నూరు అడుగుల ఉక్కు గొలుసు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడికి అంగుళంలో సుమారు నూట ముప్పయ్యోవంతు పెరుగుతుంది. ఇది కంటికి ఆనని తేడా. అయితే 50 డిగ్రీల వద్ద సరిగ్గా ఉన్న గొలుసును మద్రాసు వేసవిలో 90 డిగ్రీల వద్ద వాడితే, ఒక్కొక్క గొలుసుకు అంగుళంలో సుమారు మూడోవంతు తేడా వస్తుంది. నాలుగు వందల గొలుసుల రేఖలో ఆ తేడా దాదాపు పది అడుగులవుతుంది. నిర్మాత చేతిలో లోపం ఏమీ లేదు. ఉక్కు తన స్వభావాన్ని పాటించింది, అంతే. కొత్త పరికరమైనా అది తయారైన చోట ఎట్లా ఉందో తెలిస్తే చాలదనీ, వాడే చోట ఎట్లా ఉందో తెలియాలనీ దీనివల్ల స్పష్టమవుతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. గొలుసుకు అనేక కీళ్లున్నాయి. నేల మీద లాగి బిగించినప్పుడల్లా ఆ కీళ్లు అణుమాత్రంగా అరుగుతాయి. అరిగినకొద్దీ గొలుసు సాగుతుంది. కాబట్టి ఒకసారి పరీక్షించి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఈ కారణాలను బాగుగా గ్రహించిన లాంబ్టన్ రెండు గొలుసులను సమకూర్చుకున్నాడు. ఒకదానిని కొలతకు వినియోగించాడు. రెండవదానిని కొలతకు వాడకుండా ప్రమాణంగా భద్రపరిచాడు. పని ప్రారంభానికి ముందు ఒకసారి, పని ముగిసిన తరువాత మరొకసారి మొదటి గొలుసును రెండవదానితో సరిపోల్చి, ఎంత తేడా వచ్చిందో లెక్కలో చేర్చాడు. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి చూస్తాడే గాని, గీటురాయితో నగ చేయడు. ప్రమాణాన్ని వాడకానికి దూరంగా ఉంచడంలోని ఔచిత్యం ఇదే.

1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖ కొలత ఆరంభమైంది. అది దక్షిణంగా పెరుంబాక్కం గుట్ట వరకు సాగింది. దాని పొడవు సుమారు 40,006 అడుగులు, అనగా ఏడున్నర మైళ్లకు కొంచెం ఎక్కువ. గుర్రం మీద గంటలో దాటగల ఆ దూరాన్ని కొలవడానికి మే 22వ తేదీ వరకు సమయం పట్టింది. గొలుసును నేల మీద పరచలేదు. ముక్కాలి పీటల మీద చెక్క పెట్టెలను వరుసగా అమర్చి, మరలు తిప్పి వాటి ఎత్తును సవరించి, వాటిలో గొలుసును ఉంచారు. ఎండ తగలకుండా పైన నీడ కల్పించారు. గొలుసు పొడవునా ఉష్ణమాపకాలను అమర్చి, వేడిని నమోదుచేశారు. అదే విధంగా నాలుగు వందల పర్యాయాలు చేశారు. ఎండలు మండే నెలల్లో, ఒక్కొక్క గొలుసు దూరం మాత్రమే ముందుకు జరుగుతూ సాగిన ఆ కార్యం ఓర్పుకు పరాకాష్ఠ.

ఇంత శ్రమ అవసరమా అని సందేహించేవారికి చిన్న లెక్క సమాధానం చెబుతుంది. గొలుసు పొడవులో అంగుళంలో నూరోవంతు దోషం ఉన్నదనుకుందాం. నాలుగు వందల గొలుసుల ఆధార రేఖలో అది నాలుగు అంగుళాలు. ఆ రేఖను ఆధారం చేసుకొని దాదాపు 690 మైళ్ల పొడవైన పది డిగ్రీల చాపాన్ని లెక్కిస్తే, అదే దోషం ఇంచుమించు ముప్పై అడుగులవుతుంది. నూరోవంతు అంగుళాన్ని ఉపేక్షించినవాడు ముప్పై అడుగులకు బాధ్యుడు కావలసి వస్తుంది.

1804లో లాంబ్టన్ సహాయకుడు జాన్ వారెన్ బెంగుళూరు వద్ద రెండవ ఆధార రేఖను కొలిచాడు. మద్రాసు రేఖ నుంచి త్రిభుజాల ద్వారా లెక్కించిన పొడవుకూ, నేల మీద కొలిచిన పొడవుకూ మధ్య తేడా నాలుగు అంగుళాల లోపే ఉంది. సుమారు ఏడు మైళ్ల దూరంలో అంత స్వల్పమైన తేడా రావడం ఆ రోజులలో అద్భుతమైన ఫలితం. అయితే ఇక్కడ ఒక సూక్ష్మాన్ని విద్యార్థులు గుర్తించాలి. రెండు రేఖలూ ఒకే పొరపాటు గల గొలుసుతో కొలిచి ఉంటే, రెండింటిలోనూ ఒకే నిష్పత్తిలో దోషం ఉంటుంది. లెక్కలు చక్కగా కలుస్తాయి, కాని రెండూ తప్పే అవుతాయి. పదేపదే కొలిస్తే ఒకే సమాధానం రావడం నిలకడకు నిదర్శనమే గాని, నిజానికి నిదర్శనం కాదు. నిజం తెలియాలంటే స్వతంత్రమైన ప్రమాణంతో పోల్చక తప్పదు. ఈ పోలికనే నేడు క్రమాంకనం అంటున్నారు. పరికరం చూపే విలువకూ అసలు విలువకూ మధ్య ఉన్న అంతరాన్ని తెలుసుకొని నమోదుచేయడమే దాని అర్థం.

దూరాన్ని కొలిచే గొలుసు వలెనే కోణాన్ని కొలిచే యంత్రం కూడా ముఖ్యమైనదే. దానిని థియోడలైట్ అంటారు. లాంబ్టన్ కోరిక మేరకు లండన్‌లోని విలియం కేరీ అనే నిర్మాత మూడు అడుగుల వ్యాసం గల వృత్తంతో మహా థియోడలైట్‌ను నిర్మించాడు. దాని బరువు అర టన్ను. దానిని తెస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్‌కు తరలించారు. అది శాస్త్ర పరికరమని గుర్తించిన ఫ్రెంచి గవర్నర్, శత్రువుల సొత్తు అయినప్పటికీ, మర్యాదగా దానిని మద్రాసుకు పంపించాడు. 1802లోనే అది లాంబ్టన్‌కు చేరింది. శత్రుత్వాన్ని సైతం మరపించిన విజ్ఞాన గౌరవానికి ఈ సంఘటన ఉదాహరణ.

అటువంటి సుదీర్ఘ ప్రయాణం చేసి వచ్చిన యంత్రం కొత్తదే అయినా, దానిని పరీక్షించే మార్గాలు శాస్త్రంలోనే ఉన్నాయి. ఒకే కోణాన్ని వృత్తంలోని వేర్వేరు భాగాల మీద కొలిచి చూస్తే గీతల ఎడంలోని అసమానత బయటపడుతుంది. దూరదర్శినిని తిరగవేసి మళ్లీ చూస్తే దాని చూపు రేఖలోని వంకర తెలుస్తుంది. ఒక స్థానం చుట్టూ ఉన్న కోణాలన్నీ కలిపితే 360 డిగ్రీలు కావాలి. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు కావాలి. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల పెద్ద త్రిభుజాలలో ఆ మొత్తానికి అతి స్వల్పమైన ఆధిక్యం ఉంటుంది. ఆ ఆధిక్యం ఎంత ఉండాలో కూడా గణితం చెబుతుంది. ఈ విధంగా త్రిభుజమే తనను కొలిచిన యంత్రానికి సాక్షిగా నిలుస్తుంది. లాంబ్టన్ తన త్రిభుజాలను ఈ కోణాల మొత్తంతో సరిచూసుకుంటూనే ముందుకు సాగాడు. అక్షాంశాల నిర్ణయం కోసం ఆకాశ మధ్యంలోని నక్షత్రాలను చూసే యంత్రాన్ని కూడా ఒకసారి తూర్పు ముఖంగా, మరొకసారి పడమటి ముఖంగా తిప్పి పరిశీలించేవారు. యంత్రంలోని స్థిరమైన దోషం ఒక ముఖంలో ఎక్కువగా, మరొక ముఖంలో తక్కువగా కనిపించి, రెండింటి సగటులో మాయమవుతుంది.

లాంబ్టన్ జీవితంలో కఠినమైన పరీక్ష 1808లో ఎదురైంది. తంజావూరు పరిసరాలలో కొండలు లేవు. దూరాన్ని చూడడానికి ఎత్తైన స్థలం బృహదీశ్వరాలయపు విమానమే. మహా థియోడలైట్‌ను తాళ్లతో పైకి లాగుతుండగా తాడు తెగింది. యంత్రం గోడకు బలంగా తగిలింది. కోణాలను సూచించే వృత్తం వంకరపోయింది. కొత్త యంత్రం రావాలంటే లండన్ నుంచి రావాలి. అందుకు ఏళ్లు పడుతుంది. అంతవరకు సర్వేక్షణ ఆగిపోతుంది. వ్యయాన్ని మొదటి నుంచి ఆక్షేపిస్తున్నవారికి అది మంచి అవకాశమవుతుంది.

లాంబ్టన్ ఎవరినీ నిందించలేదు. యంత్రాన్ని గుడారంలోకి చేర్చి, పనివాళ్లను తప్ప ఇతరులను లోపలికి రానీయక, దానిని భాగాలుగా విప్పాడు. ఒక పెద్ద చదునైన పలక మీద వృత్తం అసలు ఆకారాన్ని గీసుకున్నాడు. చీలలతో, మరలతో, కప్పీలతో వంగిన అంచును కొద్దికొద్దిగా ఆ గీత మీదికి లాగుతూ వచ్చాడు. ఆరు వారాలు శ్రమించి యంత్రానికి పూర్వరూపం కల్పించాడు. ఆ యంత్రం ఆ తరువాత ఎన్నో ఏళ్లు పనిచేసింది. లండన్ నిపుణుడు చేసిన యంత్రాన్ని లండన్‌కు పంపకుండానే ఒక గుడారంలో సరిచేయగలగడానికి కారణం ఒక్కటే. మొదటి రోజు నుంచి దానిని నమ్మి ఊరుకోక, పరీక్షిస్తూ వచ్చినందువల్ల దాని ప్రతి అంగం, ప్రతి గుణం, ప్రతి దోషం ఆయనకు కరతలామలకమైంది.

క్రమంగా త్రిభుజాల వరుస ఉత్తరంగా తెలుగు దేశంలోకి ప్రవేశించింది. 1811లో అనంతపురం జిల్లాలోని గుత్తి వద్ద, 1815లో బీదరు వద్ద ఆధార రేఖలను కొలిచారు. కొంతదూరం సాగిన తరువాత మళ్లీ మళ్లీ ఆధార రేఖను కొలవడం కూడా ఒక రకమైన పరీక్షే. దారిలో పేరుకున్న దోషం ఎంతో అక్కడ తేలుతుంది. తరువాతి ఏళ్లలో ఆయన హైదరాబాదును కేంద్రంగా చేసుకొన్నాడు. మద్రాసు సర్వే పాఠశాలలో శిక్షణ పొందిన జాషువా డి పెనింగ్ మొదలైన సహాయకులు ఆయన వెంట నడిచారు. కొండ శిఖరాల మీద జెండాలు పట్టి నిలిచినవారు, యంత్రాన్ని భుజాల మీద మోసినవారు, గొలుసును బిగించి పట్టినవారు ఈ దేశపు సామాన్యులే. చరిత్ర వారి పేర్లను భద్రపరచలేదు గాని, వారి చేతుల నిబ్బరం ఆ కొలతలలో నిలిచి ఉంది.

సర్వేక్షణ ఫలితాలు ఆశ్చర్యకరమైనవి. మద్రాసు నుంచి పడమటి సముద్రతీరంలోని మంగుళూరు వరకు గల దూరం అంతకు ముందు పటాలలో చూపిన దానికంటే దాదాపు 40 మైళ్లు తక్కువని తేలింది. కన్యాకుమారి సమీపం నుంచి బీదరు వరకు దాదాపు పది డిగ్రీల చాపాన్ని కొలవడం ద్వారా భూమి ఆకారాన్ని నిర్ణయించేవారికి విలువైన ఆధారం లభించింది. ఆయన జీవితకాలంలో సర్వేక్షణ జరిగిన ప్రాంతం 1,65,000 చదరపు మైళ్లకు పైగా ఉంది. ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆయనను తన సభ్యునిగా గౌరవించింది. లండన్‌లోని రాయల్ సొసైటీ కూడా సభ్యత్వం ఇచ్చింది. 1818లో ఆయన కార్యం మహా త్రికోణమితీయ సర్వేక్షణ అనే పేరుతో గవర్నర్ జనరల్ ఆధీనంలోకి వచ్చింది. ఆ సంవత్సరమే జార్జి ఎవరెస్ట్ అనే యువకుడు ప్రధాన సహాయకుడుగా నియమితుడై హైదరాబాదులో ఆయనను కలిశాడు. అప్పటికి లాంబ్టన్ వృద్ధుడు. అయినా యంత్రం ముందు నిలిచినప్పుడు ఆయనలో యౌవనోత్సాహం వెల్లివిరిసేది. 1823 జనవరి 20వ తేదీన, హైదరాబాదు నుంచి నాగపూరుకు వెళ్లే మార్గంలో హింగన్‌ఘాట్ వద్ద లాంబ్టన్ కన్నుమూశాడు. ఆయన సమాధి అక్కడనే ఉంది.

గురువు తరువాత బాధ్యతను స్వీకరించిన ఎవరెస్ట్, గురువు పద్ధతిని గురువు పనికే వర్తింపజేశాడు. గొలుసుతో కొలిచిన ఆధార రేఖలు ఇక చాలవని నిర్ణయించాడు. 1830లో ఆయన ఇంగ్లాండు నుంచి సరికొత్త పరికరాలతో తిరిగి వచ్చాడు. వాటిలో ఇత్తడి, ఇనుప కడ్డీలను జతచేసి, వేడికి పొడవు మారకుండా ఏర్పాటుచేసిన కొలత కడ్డీలు ముఖ్యమైనవి. వేడి ప్రభావాన్ని తామే సరిదిద్దుకొనే సాధనాలుగా వాటికి పేరుంది. అయినా ఎవరెస్ట్ వాటిని నేరుగా వాడలేదు. 1831-32లో కలకత్తా వద్ద ఆధార రేఖను కొలిచిన సందర్భంలో ఆ కడ్డీలను పది అడుగుల ప్రమాణ కడ్డీతో పోల్చి చూశాడు. సరికొత్త సాధనాలకు కూడా పరీక్ష తప్పలేదు. ఆర్కాటు వాసి సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్ అనే మేధావి ఎవరెస్ట్ దృష్టిని ఆకర్షించాడు. విదేశీ నిపుణులకు దీటుగా యంత్రాలను సరిచేసి, సర్వేక్షణలో పరికర నిర్మాత పదవిని అలంకరించాడు. 1841లో బీదరు ఆధార రేఖను కొత్త కడ్డీలతో మళ్లీ కొలిచారు. 1860ల చివరలో బెంగుళూరు వద్ద కూడా కొత్తగా కొలిచారు. ఈ పునఃపరిశీలన లాంబ్టన్‌కు అపకీర్తి కాదు. తన గొలుసును తానే అనుమానించినవాని అడుగుజాడలలో నడిచే శిష్యులు చేయదగిన పని అదే. తంజావూరులో గాయపడి కోలుకున్న ఆ మహా థియోడలైట్‌ను డెహ్రాడూన్‌లోని భారత సర్వేక్షణ శాఖ భద్రపరిచింది.

లాంబ్టన్ జీవితం ప్రారంభంలో వేసుకున్న ప్రశ్నకు మనకు తిన్నని సమాధానం చెబుతుంది. కొత్తదనం పరికరానికి అందాన్ని ఇస్తుంది గాని ప్రామాణ్యాన్ని ఇవ్వదు. నిర్మాత తన కర్మాగారంలో సరిచూసి, ఆ ఫలితాన్ని పత్రంలో తెలిపి ఉంటే అది విలువైనదే. ఆ పత్రం ఏ ప్రమాణంతో పోల్చి ఇచ్చినదో, ప్రయాణంలోనూ వాతావరణంలోనూ మార్పు వచ్చిందో లేదో చూసుకోవలసిన బాధ్యత మాత్రం వాడేవానిదే. అన్ని పనులకూ ఒకే స్థాయి పరీక్ష అవసరం లేదు. గోడకు మేకు కొట్టేవానికి సామాన్యమైన టేపు చాలు. రోగి జ్వరాన్ని చూసే వైద్యునికి, మందు తూచే ఔషధ నిర్మాతకు, వంతెన కట్టే ఇంజనీరుకు అది చాలదు. పొరపాటు వల్ల కలిగే నష్టం ఎంత పెద్దదో పరీక్ష అంత నిశితంగా ఉండాలి.

మన దేశంలో ఈ వివేకం చట్టరూపం కూడా దాల్చింది. వ్యాపారంలో వాడే తూనిక రాళ్లు, త్రాసులు, కొలపాత్రలు తూనికలు కొలతల శాఖవారు పరిశీలించి ముద్ర వేసిన తరువాతనే వినియోగించాలి. కొత్తవైనా ఈ నియమం తప్పదు, నిర్ణీత కాలానికి ముద్రను పునరుద్ధరించుకోకా తప్పదు. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం ఈ విషయాన్ని నిర్దేశిస్తున్నది. దేశానికంతటికీ మూలమైన ప్రమాణాలను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాపాడుతున్నది. గ్రామంలోని కిరాణా దుకాణపు కిలో రాయి నుంచి ఆ ప్రయోగశాల వరకు పోలికల పరంపర ఒకటి సాగుతున్నది. ఒకదాని సత్యానికి మరొకటి సాక్షి. లాంబ్టన్ పెట్టెలో భద్రపరిచిన రెండవ గొలుసు ఆనాడు చేసిన పని కూడా ఇదే.

కళాశాల ప్రయోగశాలలో కొత్త ఉష్ణమాపకాన్ని చేతిలోకి తీసుకున్న విద్యార్థి దానిని ముందు కరుగుతున్న మంచులో ఉంచి సున్నా చూపుతున్నదో లేదో చూడవచ్చు. కొత్త త్రాసు మీద తెలిసిన బరువును ఉంచి సరిచూడవచ్చు. అందుకు పట్టే కాలం కొద్ది నిమిషాలే. తేడా కనిపిస్తే పరికరాన్ని పారవేయనక్కర లేదు. ఆ తేడాను గుర్తుంచుకొని లెక్కలో సవరిస్తే చాలు. దోషం తెలిసిన పరికరం నమ్మదగినది. దోషం తెలియని పరికరం ఎంత కొత్తదైనా, ఎంత ఖరీదైనదైనా నమ్మదగినది కాదు. ఒక కంటి చూపుతో, ఒక ఉక్కు గొలుసుతో బయలుదేరి, విశాలమైన భూభాగాన్ని కొలిచిన విలియం లాంబ్టన్ విజయానికి మూలం ఈ వివేకమే.